మనవాళ్ళు ఎక్కే లిఫ్టు

ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. కవరు ఒక మూల తడిసింది గానీ లోపల నీ కోపం చెక్కుచెదరలేదు. చాన్నాళ్ళుగా రాయలేదన్న మాట నిజమే. రాయడానికి ఇక్కడ ఏమీ జరగడం లేదు, ఉన్నవి ఆగిపోవడం తప్ప. మా వీధి చివర పెద్ద గడియారం ఆగిపోయింది. జనం మాత్రం పాత అలవాటు కొద్దీ దాని కింద నిలబడి, తలెత్తి చూసి, తమ చేతి గడియారం సరిచేసుకుని పోతున్నారు. నేనూ ఒకరోజు సరిచేసుకున్నాను. ఆఫీసుకి వెళ్ళేసరికి టీ కూడా అయిపోయింది.

నా ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. అదే ఉద్యోగం, రాజధానిలో సర్కారు భవనాల లిఫ్టులు తనిఖీ చేసి, బాగుంటే గోడ మీద నీలం ముద్ర వెయ్యడం. ఈమధ్య లిఫ్టుల్లో ఇత్తడి పలకలు మారుస్తున్నాం. 'పదిమంది' అని ఉన్నచోట 'ఆరుగురు' అని కొత్త పలక బిగిస్తాం. మళ్ళీ ఏడాదికి 'నలుగురు'. లిఫ్టు అదే, తాడు అదే. ఇనప తాళ్ళు ఒకప్పుడు మనమే పేని సగం ప్రపంచానికి అమ్మేవాళ్ళం కదా, ఇప్పుడు ఒక్క చుట్ట కావాలని రాస్తే మా స్టోరు మనిషి "రేపు" అంటాడు. ఆయన్ని అందరం రేపటాయన అనే పిలుస్తాం. పలకలకి మాత్రం లోటు లేదు.

టీ గదిలో రోజూ ఇదే చర్చ, ఇంత పెద్ద దేశం ఎందుకిలా అయిందని. ఫోర్‌మాన్ పక్కదేశాల కుట్ర అంటాడు. రేపటాయన కుర్రాళ్ళకి ఒళ్ళు వంగడం లేదంటాడు. ఒకడు గడిచిన యుద్ధమంటాడు, ఒకడు రాబోయే యుద్ధమంటాడు. ఏమీ తయారవని ఈ దేశంలో కారణాలు మాత్రం ఇంకా జోరుగా తయారవుతున్నాయి. నేను టీ తాగి వచ్చేస్తాను.

బుల్లికి ఇల్లు దొరికిందని రాశావు. అల్లుడి ఆఫీసు క్వార్టర్సు, తొమ్మిదో అంతస్తు, కిటికీలోంచి నది. సంతోషం. కానీ ఏడో నెల కడుపుతో అంత ఎత్తున ఎందుకు? కింది అంతస్తుల్లో ఏదైనా ఖాళీ ఉందేమో అల్లుణ్ణి అడగమను. లేదంటే మెల్లగా మెట్లు అలవాటు చేసుకోమను. ఒంటికి మంచిది.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

*

ఫిబ్రవరి 27

ఒరేయ్ తమ్ముడూ,

ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లని తొమ్మిది అంతస్తులు మెట్లెక్కమంటావా? నువ్వు కన్నావా, పెంచావా? ఒంటికి మంచిదట. ఆ ముక్క చదివి మీ బావ కూడా రేడియో కట్టేశాడు. ఆయన రేడియో కట్టడమంటే ఎంత పెద్ద విషయమో నీకు తెలుసు. రోజంతా దాంతో పోట్లాడుతూనే ఉంటాడు. అది "దేశం కోలుకుంటోంది" అంటుంది, ఈయన "ఎక్కడ, ఎక్కడ" అని అడుగుతుంటాడు. అది వినదు, ఈయన మానడు.

నీకు పలకలైతే నాకు జేబులు. మా కుట్టుశాలకి సైన్యం యూనిఫారాల ఆర్డరు తగ్గలేదు. బట్ట తగ్గింది. మొదట లోపలి జేబు తీసెయ్యమన్నారు. తర్వాత అస్తరు. ఇప్పుడు పై జేబులు కూడా తీసేసి, మూత ఒక్కటి కుట్టి బొత్తాం పెట్టమంటున్నారు, దూరం నుంచి చూస్తే జేబున్నట్టే ఉంటుంది. భుజాల మీద బంగారు దారం మాత్రం అంగుళం కూడా తగ్గించకూడదట. ఆ చొక్కా వేసుకున్న కుర్రాడు చలికి చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టడం మానేసింది. కత్తిరిస్తున్నాను, అంతే.

అసలు సంగతికి వస్తాను. బుల్లి రాసింది, వాళ్ళ లిఫ్టు గోడ మీద నీ నీలం ముద్ర ఉందట. చూసి ఎంత మురిసిపోయిందో. నేను వెంటనే రాశాను, మీ మామయ్య ముద్ర ఉందంటే మీ మామయ్య ముందుగా ఎక్కి దిగాడన్నమాట, నిశ్చింతగా ఎక్కు అని. మన నాన్న ఎప్పుడైనా ఎక్కకుండా ముద్ర వేశాడా? తాను ఒక్కడే ఎక్కినా లెక్కలోకి రాదు, తనవాళ్ళని తీసుకుని ఎక్కాలి, అదీ మీ పనివాళ్ళ ఆచారం. ప్రతి తనిఖీకీ మనిద్దర్నీ లాక్కుపోయేవాడు. నువ్వు కళ్ళు మూసుకుని నా జడ పట్టుకునేవాడివి. కింద జనమంతా మన కోసం ఎదురుచూసేవాళ్ళు. మనం దిగి బయటికి వచ్చాకే వాళ్ళు ఎక్కేవాళ్ళు.

ఈ సంగతంతా బుల్లి వాళ్ళ వరండాలో అందరికీ చెప్పిందట. ఇరుగుపొరుగు ఎవరైనా లిఫ్టు మోత విని భయపడితే, "మా మామయ్య ముద్ర ఉందండీ" అంటోందట. కాబట్టి నీ మెట్ల సలహా నీ దగ్గరే ఉంచుకో.

వేళకి తిను.

నీ అక్క

*

మార్చి 14

అక్కా,

ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను.

బుల్లి వాళ్ళ బిల్డింగు లిఫ్టు నిన్నటి నుంచి మూసి ఉంది. రంగులు వేసే పని. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. బుల్లిని తొందరపడకుండా, మధ్యమధ్య ఆగుతూ మెట్లెక్కమను. ఒకటి విడిచి ఒక అంతస్తులో కుర్చీ వేయించాను, మా ఆఫీసులో విరిగినవి బాగుచేయించి. కూరగాయలూ పాలూ అల్లుడు తెస్తాడు కదా.

ఇక్కడ వర్షాలు. నా గది కప్పు కారుతోంది. గిన్నె పెట్టాను.

తమ్ముడు

*

మార్చి 30

తమ్ముడూ,

రంగుల పనా? మొన్న అల్లుడు రాశాడు, రంగు డబ్బా ఒక్కటి కూడా రాలేదట. లిఫ్టు తలుపుకి గొలుసు చుట్టి తాళం వేసింది నువ్వేనట, నీ చేత్తో. చుట్టుపక్కల బిల్డింగుల్లో అన్నిట్లో లిఫ్టులు చక్కగా తిరుగుతున్నాయట. ఒక్క వీళ్ళదే మూశావట.

పిల్ల ఎక్కలేక దిగలేక ఇంట్లోనే పడి ఉంది. కాళ్ళు వాచాయి. ఏడో అంతస్తు పెద్దావిడ డాక్టరు దగ్గరికి పోలేక దీన్ని తిడుతోంది, "మీ మామయ్య ముద్రలు బాగానే ఉన్నాయమ్మా" అని. మొన్నటిదాకా నీ పేరు చెప్పుకుని తిరిగిన పిల్ల ఇప్పుడు తలుపు తియ్యడం లేదు.

ఎందుకు చేశావో నాకు తెలుసు. ఈ సంబంధం నీకు నచ్చలేదు. అల్లుడిది కుర్చీలు వేడిచేసే ఉద్యోగమని అందరి ముందూ అన్నావు. నిన్ను అడక్కుండా ఖాయం చేశామని అప్పట్నుంచీ మనసులో పెట్టుకున్నావు. పెట్టుకో. నా మీద పెట్టుకో. కడుపుతో ఉన్న పిల్ల మీద తీర్చుకునే కక్షా ఇది? నాన్న ఉంటే నీ మొహం చూసేవాడా?

ఈ ఉత్తరం చేరిన రోజే తాళం తియ్యి. తీసేదాకా నాకు రాయకు.

అక్క

*

ఏప్రిల్ 12

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదివాక చింపెయ్యి.

నీ ఫిబ్రవరి ఉత్తరం అందిన మర్నాడు బుల్లి వాళ్ళ బిల్డింగుకి వెళ్ళాను. పైన యంత్రం గదిలోకి ఎక్కి తాడు మీద గుడ్డ పెట్టి లాగాను. గుడ్డ చీలికలైపోయింది. ఇనప పోగులు తెగి ముళ్ళలా బయటికి వచ్చి ఉన్నాయి. తెగిన పోగులు తెగనివాటికంటే ఎక్కువున్నాయి. నేను ఆ లిఫ్టుకి ముద్ర వేసి అప్పటికి మూడు నెలలు.

ముద్ర వేసినప్పుడు ఎక్కలేదు. నేనే కాదు, ఎవరమూ ఎక్కడం లేదు. మొదట కొత్త తాళ్ళు రావడం ఆగిపోయినప్పుడు, వచ్చేదాకా సర్దుకుందామన్నారు. తర్వాత తనిఖీకి మనుషుల్ని తగ్గించారు. తర్వాత లిఫ్టు ఆపితే మంత్రిత్వశాఖ నుంచి ఫోన్లు వస్తున్నాయని, ఏ లిఫ్టూ ఆపకుండా ముద్ర వెయ్యమన్నారు. ఎక్కి చూస్తే తెలిసిపోతుంది కాబట్టి ఎక్కడం మానేశాం. ఇది ఒక్కరోజులో జరగలేదక్కా. ఫలానా రోజున తప్పు చేశామని చెప్పడానికి వీల్లేకుండా జరిగింది. ఫోర్‌మాన్ని అడిగితే స్టోరు చూసుకోవాలంటాడు. రేపటాయన్ని అడిగితే బడ్జెట్టంటాడు. నేను ముద్ర వేసి చేతులు దులుపుకుంటాను. సాయంత్రం అందరం టీ తాగుతూ దేశం ఎందుకు పడిపోయిందో మాట్లాడుకుంటాం.

అందుకే మెట్లెక్కమన్నాను. నిజం రాయడానికి చెయ్యి రాలేదు. ఉత్తరాలు ఎవరైనా విప్పి చదువుతారేమోనన్న భయమూ ఉంది. నువ్వేమో నా ముద్ర చూసి నిశ్చింతగా ఎక్కమన్నావు. ఆ ముక్క చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి గొలుసు కొని తాళం వేశాను. ఆఫీసులో రంగుల పని అని రాశాను, ఎవరూ వచ్చి చూడలేదు. ఎవరూ చూడరని తెలుసు.

సంబంధం సంగతి ఎప్పుడో మర్చిపోయాను. అల్లుడు మంచివాడే. బుల్లికి ఇదేమీ చెప్పకు, బెంగపడుతుంది. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ. దాని లిఫ్టు మాత్రం తెరవను.

తమ్ముడు

*

ఏప్రిల్ 26

తమ్ముడూ,

చింపలేదు.

మీ బావకి చదివి వినిపించాను. ఆయన లేచి కాసేపు గుమ్మంలో నిలబడి వచ్చాడు. నిన్ను అన్న మాటలకి నాకు సిగ్గేసింది, అది ముందు చెప్పాలి. నా కూతుర్ని కాపాడావు. ఆ రోజంతా నాకు ఏడుపు వస్తూనే ఉంది.

మర్నాడు కత్తిరింపు బల్ల దగ్గర నిలబడితే ఒక సంగతి తట్టింది. నీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను, అందులో రాశావేమోనని. రాయలేదు. తక్కినవాటి సంగతేమిటి? నువ్వు ముద్ర వేసే బిల్డింగు అదొక్కటే కాదు కదా. తాళ్ళన్నీ ఒకే ఫ్యాక్టరీవి, ఒకేసారి వేసినవి. బుల్లి ఎక్కే తాడొక్కటే తెగుతుందా?

నాకు తెలిసిన జవాబే వస్తుందని భయంగా ఉంది. నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి తెలుసు. మా సందులోంచి సైన్యానికి పోయిన కుర్రాళ్ళకి వెళ్ళే చొక్కాలు ఏవో నేను కనుక్కుంటాను. వాటికి అస్తరు వేసి, జేబులు కుట్టి పంపుతాను. తక్కినవాళ్ళకి ఉత్త మూతలు. గొప్ప మేలు చేస్తున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. మీ టీ గదిలో ఈసారి ఎవరైనా కారణం అడిగితే మనిద్దర్నీ చూపించు.

ఒరేయ్, ఆ తక్కిన లిఫ్టుల్లో కూడా కడుపుతో ఉన్నవాళ్ళు ఎక్కుతారు. గొలుసులు కొను. ఈ ఉత్తరం చూసిన రోజే.

నీ అక్క

*

మే 2

అక్కా,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. చింపేశావనే అనుకుంటున్నాను, మంచిది.

శుభవార్త. బుల్లికి మొన్న ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా కులాసా. నొప్పులు మొదలవగానే అల్లుడూ నేనూ చెరో పక్క పట్టుకుని మెట్ల మీదుగా దింపాం. దారిపొడవునా నన్ను తిడుతూనే దిగింది, అచ్చం నీ గొంతే. ఏడో అంతస్తు పెద్దావిడ తలుపు తీసి, తిట్టడం మాని, తన దుప్పటి ఇచ్చింది. పిల్లకి జుట్టు ఒత్తుగా ఉంది. ముక్కు మాత్రం బావది, ఏం చేస్తాం.

మొత్తానికి గట్టెక్కాం. ఈ మూడు నెలలూ ఒకటే బరువుగా ఉండేది, ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఆఫీసులో ఎవరూ పసిగట్టలేదు. నిన్న లెక్కల ఆఫీసు భవనంలో పలక మార్చి వచ్చాను. 'ముగ్గురు' అని పెట్టాం. ఇలాగే తగ్గిస్తూ పోతే ఇక ఒక్కొక్కరే ఎక్కాలి.

నువ్వూ బావా ఎప్పుడొస్తారో రాయి. కుర్చీలున్నాయి, మెల్లగా ఎక్కొచ్చు.

తమ్ముడు

*

మే 11

తమ్ముడూ,

పాప కబురూ రేడియో కబురూ ఒకే రోజు అందాయి.

లెక్కల ఆఫీసు భవనం అన్నారు. లిఫ్టు కింద పడి ముగ్గురు పోయారన్నారు. సాంకేతిక కారణమన్నారు. తర్వాత పాట వేశారు. మీ బావ ఆపమన్నాడు, నేను ఆపలేదు.

నా ఏప్రిల్ ఉత్తరం నీకు అప్పటికి అందిందో లేదో నాకు తెలియదు. అందలేదని రాస్తే నమ్ముతాను. అందకపోయినా నీకు తెలుసు కదా.

నేను నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నాకేమీ అనిపించడం లేదు. పాప మొహం ఊహించుకుందామంటే కుదరడం లేదు. నువ్వొక్క పని చెయ్యి. ఆ ముగ్గురి ఇళ్ళూ ఎక్కడో కనుక్కుని వెళ్ళు. ఆఫీసు తరఫున వెళ్ళకు. తాళం వెయ్యగలిగీ వెయ్యనివాణ్ణి నేనేనని చెప్పు. ఇంకేమీ చెప్పకు, ఫోర్‌మాన్ సంగతీ బడ్జెట్ సంగతీ వద్దు. వాళ్ళు కొడితే కొట్టించుకో.

నేను ఇక్కడ మూతలు కుట్టనని చెప్పేశాను. నాతోపాటు బల్ల దగ్గర ఇద్దరు లేచారు. తక్కినవాళ్ళు తలెత్తలేదు. ఏమవుతుందో చూడాలి.

అక్క

*

మే 24

అక్కా,

నీ ఏప్రిల్ ఉత్తరం లిఫ్టు పడిన మర్నాడు అందింది. నువ్వు నమ్ముతానన్నావు కాబట్టి రాస్తున్నాను. ముందే అందినా తాళాలు వేసేవాణ్ణో లేదో నాకు తెలియదు.

నాకు అప్పగించిన లిఫ్టులన్నిటికీ తాళాలు వేశాను. రెండు రోజులు పట్టింది. ప్రతి తలుపు మీదా తాడు పాడైందని, ముద్ర అబద్ధమని రాసి, నేనెవరో రాశాను. ఫోర్‌మాన్ తాళంచెవులు అడిగాడు. ఇవ్వలేదు. ఉద్యోగంలోంచి తీసేశారు. విచారణ ఉంటుందట. కొన్ని బిల్డింగుల్లో జనమే గొలుసులు తెంపుకుని ఎక్కుతున్నారు. ఒకదాంట్లో మాత్రం నేను వేసిన తాళం పక్కన వాళ్ళదొకటి వేసి, పైన ఉండే ముసలివాళ్ళకి వంతులవారీగా సామాన్లు మోస్తున్నారు. రేపటాయన దారిలో కనిపించి మొహం చాటేశాడు. బుల్లికి అంతా చెప్పాను. పాపని నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నిన్న మొదటి ఇంటికి వెళ్ళాను. పోయినావిడ లెక్కల ఆఫీసులో గుమాస్తా. భర్త ఇంటి ముందుగదిలోనే కళ్ళజోళ్ళు చేస్తాడు. నేను వెళ్ళేసరికి ఒక అద్దం అరగదీస్తున్నాడు. కొలతలకి వచ్చాననుకుని కూర్చోబెట్టి, ఎదురుగా గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. ఎందుకొచ్చానో చెప్పకుండా చదివాను. కింది వరస కనపడలేదని చెప్పాను. అప్పుడు నేనెవరో చెప్పాను. తాడు పాడైందని తెలుసని, తాళం వెయ్యగలిగి ఉండీ వెయ్యలేదని చెప్పాను. నువ్వన్నట్టే ఇంకేమీ కలపలేదు.

ఆయన అద్దాన్ని గుడ్డలో పెట్టి పక్కకి జరిపాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"ఏదీ ముయ్యలేదా?" అని అడిగాడు.

"ఒకటి మూశానండి. అక్కడ మా మేనకోడలు ఉంటుంది. కడుపుతో ఉందప్పుడు."

బయట ఎవరో తలుపు కొట్టి, ఉండి, వెళ్ళిపోయారు.

"ఆ అమ్మాయి బాగుందా?" అన్నాడు.

"బాగుందండి. ఆడపిల్ల పుట్టింది."

"మంచిది" అన్నాడు.

ఇంకా రెండిళ్ళున్నాయి. రేపు పొద్దున వెళ్తాను.

తమ్ముడు